సమీర్ చేతుల పొడవు

ఇరవై ఏళ్లకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నానంటే రోజూ తలచుకుని కుమిలిపోయానని కాదు. అలా కుమిలిపోయి ఉంటే ఎప్పుడో చెప్పేసేదాన్నేమో. నెలల తరబడి గుర్తే రాదు. తర్వాత ఏ సూపర్‌మార్కెట్‌లోనో ఒక పొడుగాటి మనిషి పై అరలోంచి డబ్బా తీయడానికి చేయి ఎత్తుతాడు. అంతే, నా చూపు అతని వేలికొస దాకా ఎక్కి అక్కడే ఆగిపోతుంది. మా ఆయనకు చెప్పలేదు. పిల్లలకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నా పని మనుషుల్ని కొలవడం. తిరుపతిలో పోషకాహారం చదివి, పెళ్లయ్యాక మెల్‌బోర్న్ వచ్చి, ఇక్కడి యూనిలో, అంటే యూనివర్సిటీలో, క్రీడాశాస్త్రం చేశాను. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయన్న వై టూ కే హడావుడి నడుస్తున్న రోజులవి. మా ఆయన ఒక కంపెనీలో పాత ప్రోగ్రాములు తెరిచి, రెండంకెలున్న సంవత్సరాలను నాలుగంకెలు చేసేవాడు. నాకు నగరానికి పడమటి వైపున్న ఒక బాస్కెట్‌బాల్ శిక్షణ కేంద్రంలో ఉద్యోగం దొరికింది. ఆ పక్కనే వెర్రిబీలో అద్దె ఇల్లు. అప్పట్లో ఆ చుట్టుపక్కల మనవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

ఆ కేంద్రానికి పొడుగాటి కుర్రాళ్లు వచ్చేవారు. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల వాళ్లు. రింగ్ కింద నిలబడి ఆడే ‘బిగ్ మెన్’. అమెరికాలో పెద్ద జట్లు ఏటా కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకుంటాయి, దాన్ని డ్రాఫ్ట్ అంటారు. ఆ డ్రాఫ్ట్ దాకా వెళ్లగల కుర్రాడెవడో ముందే పసిగట్టడానికి మా దగ్గరి కొలతలు అక్కడ ఆటగాళ్లను వెతికే స్కౌట్లకు వెళ్లేవి. బూట్లు లేకుండా ఎత్తు. రెండు చేతులూ చాపితే ఈ కొసనుంచి ఆ కొసకు పొడవు. అన్నిటికన్నా ముఖ్యం రీచ్, అంటే నేల మీద నిలబడి ఒక చేయి పైకెత్తితే వేలికొస ఎంత ఎత్తుకు అందుతుందో ఆ కొలత. ఆట నేర్పవచ్చు, చేయి పొడవు నేర్పలేం అనేవాడు మా కోచ్ గ్రెగ్. రీచ్ రెండు వందల డెబ్భై అయిదు సెంటీమీటర్లు దాటని బిగ్ మ్యాన్ కాగితాన్ని అతను పక్కన పెట్టేసేవాడు. ఆ గీత సంగతి నాకు తెలుసు. బాగా తెలుసు. ఇది గుర్తుంచుకోండి, ఎందుకంటే తర్వాత నేను తెలియక చేశానని చెప్పుకోవడానికి లేదు.

సమీర్ ఆ కుర్రాళ్లలో ఒకడు. పద్దెనిమిదేళ్లు, రెండు వందల ఏడు సెంటీమీటర్ల ఎత్తు. వాళ్ల నాన్న ఇస్మాయిల్ గారిది నంద్యాల. మా ఆయన పనిచేసే కంపెనీలో మేనేజరు. మేం వచ్చిన కొత్తలో మాకు మంచం, గ్యాస్ పొయ్యి ఇచ్చిన మనిషి. ఆయన నన్ను చెల్లెమ్మా అనేవాడు, సమీర్ ఆంటీ అనేవాడు. తెలుగు అర్థమయ్యేది వాడికి, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. మా ఇంట్లో ద్వారబంధం కింద తల వంచి లోపలికి వచ్చి, నేను చేసిన పులిహోర గిన్నె ఖాళీ చేసి, గిన్నె కడిగి పెట్టి వెళ్లేవాడు. ఏ కుర్రాడు గిన్నె కడుగుతాడు?

జనవరి ఒకటిన ప్రపంచం ఏమీ ఆగిపోలేదు. కంప్యూటర్లు ఎప్పటిలాగే నడిచాయి. వై టూ కే పని అయిపోయింది. మా ఆయన కాంట్రాక్టు జూన్‌తో ముగుస్తుందన్నారు. ఏదైనా కంపెనీ వీసాకు స్పాన్సర్ చేస్తే తప్ప మేం ఈ దేశంలో ఉండలేం. నేను మూడో నెల గర్భిణిని. ఇస్మాయిల్ గారి సంతకం ఒక్కటి చాలని మా ఆయన రోజూ అనేవాడు. అడగడానికి మాత్రం మొహమాటపడేవాడు.

ఏప్రిల్‌లో ఒక మంగళవారం మధ్యాహ్నం ఇస్మాయిల్ గారు సమీర్‌ను దింపడానికి వచ్చి, నన్ను కారు దగ్గరకు పిలిచాడు.

“చెల్లెమ్మా, వాని కొలతలు ఎప్పుడు?”

“గురువారం అర్వో, మధ్యాహ్నం పూట, అన్నా.”

“బాగొస్తే ఏమైతాది?”

“అమెరికాలో క్యాంప్‌కి పంపిస్తారు. అక్కడ నచ్చితే డ్రాఫ్ట్ దాకా పోవచ్చు.”

“రాకపోతే?”

“ఇక్కడే ఆడుకుంటాడు. యూనికి పోతాడు.”

ఆయన స్టీరింగ్ మీద చేతులు పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. “మా అన్న స్టేట్‌కి వాలీబాల్ ఆడినాడమ్మా. మోకాలు పోయినాక ఒక గోడౌన్ గేటు కాడ కూర్చున్నాడు. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ అందరూ గుర్తుపట్టేవాళ్లు. అదే ఆయనకి నరకం. వీనికి కంప్యూటర్స్‌లో సీటు వచ్చింది. డిఫర్ చేస్తానంటాడు, వచ్చే ఏడు చేరతాడంట. బయట ఐటీలో జాబ్స్ ఎట్ల పెరుగుతాండాయో చూస్తా ఉండావు కదా. కొంచెం తక్కువ రాస్తే ఏం పోతాదమ్మా? ఒక నాలుగు వేళ్లంత.”

 ఇస్మాయిల్ గారు మా ఆయన కాంట్రాక్టు మాట ఎత్తలేదు. ఒక్క మాట కూడా. ఆ రెండింటినీ కలిపింది నేనే, ఇంటికి వెళ్తూ బస్సులో.

గురువారం సమీర్ వచ్చాడు. గోడకు వీపు ఆనించి చేతులు చాపాడు. రెండు వందల ఇరవై రెండు. అంత పొడుగు చేతులు నేను అంతకుముందు కొలవలేదు. గోడ వైపు తిరిగి కుడిచేయి ఎత్తాడు. నేను స్టూలు ఎక్కి వేలికొస దగ్గర టేపు మీది అంకె చదివాను. రెండు వందల డెబ్భై తొమ్మిది. వాడి ముఖం గోడకు ఆని ఉంది, పైన ఏముందో వాడికి కనబడదు.

“టూ సిక్స్టీ నైన్,” అన్నాను.

గొంతు వణకలేదు. వణికి ఉంటే బాగుండేదని ఇన్నేళ్లలో ఎన్నోసార్లు అనుకున్నాను. ఆయన అడిగింది నాలుగు వేళ్లు. నేను పది సెంటీమీటర్లు తగ్గించాను. నాలుగు వేళ్లు తగ్గిస్తే గ్రెగ్ గీతకు అటూఇటూగా ఉంటుంది, మళ్లీ కొలవమంటాడు. పది తగ్గిస్తే కాగితం నేరుగా పక్కకు పోతుంది. అంత లెక్క వేశాను నేను. చాచిన చేతుల పొడవును కూడా దానికి సరిపోయేలా తగ్గించాను.

సమీర్ ఇటు తిరిగి నా వైపు చూశాడు. “కెన్ యు డూ ఇట్ ఎగైన్, ఆంటీ?” అన్నాడు. కోపం లేదు, అనుమానం లేదు. తానే సరిగ్గా నిలబడలేదేమో అన్నట్టు అడిగాడు. రెండోసారి మడమలు నేలకు నొక్కి, ఊపిరి బిగబట్టి, వేళ్లు వణికేదాకా చేయి సాగదీశాడు. ఈసారి టేపు మీద ఇంకో అర సెంటీమీటరు ఎక్కువే ఉంది.

“సేమ్,” అన్నాను.

మొదటి అబద్ధానికి ఇస్మాయిల్ గారి మాట ఉంది, వీసా ఉంది, కడుపులో బిడ్డ ఉంది. ఈ రెండోదానికి ఏముంది? నమ్మి మళ్లీ అడిగిన పిల్లవాడికి ఆ ఒక్క క్షణంలో నిజం చెప్పి ఉంటే మొదటిది పొరపాటుగా చెల్లిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. నేను ఎన్నిసార్లు వెనక్కి వెళ్లినా ఆ స్టూలు మీదే ఆగిపోతాను.

సాయంత్రం గ్రెగ్ కాగితం చూసి తల గోక్కున్నాడు. చేతులు ఇంకా పొడుగనుకున్నానే అన్నాడు. “ద టేప్ డజంట్ లై, గ్రెగ్,” అన్నాను. అతను నవ్వి, కాగితం పక్కన పెట్టేశాడు. రెండో సంతకం పెట్టాల్సిన అసిస్టెంట్ చూడకుండానే పెట్టాడు. క్యాంప్‌కి ఇంకో కుర్రాడు వెళ్లాడు.

నెలన్నర తర్వాత మా ఆయన స్పాన్సర్‌షిప్ కాగితాల మీద ఇస్మాయిల్ గారు సంతకం చేశాడు. నేను ఏమీ చేయకపోయినా చేసేవాడేమో. మంచం ఇచ్చిన మనిషి. ఈ సంగతి నాకు ఎప్పటికీ తెలియదు.

సమీర్ యూనిలో చేరాడు. అక్కడితో ఆగి ఉంటే, ఇది ఒక తండ్రి తన కొడుకు మంచికోసం చేయించిన పని అని నన్ను నేను సముదాయించుకునేదాన్ని. కానీ వాడు ఆగలేదు. గరాజ్‌లో ఒక ఇనుప కడ్డీ బిగించుకున్నాడట. వేలాడితే భుజాలు సాగుతాయని, రీచ్ పెరుగుతుందని ఎవరో చెప్పారు. పొద్దున్నే లేచి వేలాడేవాడు. తర్వాత నడుముకు బరువులు కట్టుకుని వేలాడటం మొదలుపెట్టాడు. ఇస్మాయిల్ గారు మొదట్లో నవ్వుతూ చెప్పాడు ఈ సంగతి, మా ఇంట్లో టీ తాగుతూ. “ఎంత చెప్పినా ఇనడు, గబ్బిలం మాదిరి వేలాడతాండాడు.” మా ఆయన కూడా నవ్వాడు. నేను లేచి వంటింట్లోకి వెళ్లాను. ఉన్న పొడవును సంపాదించుకోవడానికి ఆ పిల్లవాడు వేలాడుతున్నాడు.

ఒక రోజు కుడి భుజం జారింది. ఎక్కించారు. మళ్లీ జారింది. రెండు ఆపరేషన్లు అయ్యాయి. ఆ తర్వాత కుడిచేయి చెవి దాటి పైకి లేవలేదు. ఆస్పత్రికి పండ్లు తీసుకుని వెళ్లాను. కట్టు కట్టిన భుజంతో, “డంబ్ ఐడియా, ఆంటీ,” అని నవ్వాడు. నేను రాసిన కొలతకన్నా ఇంకా కిందికి దిగిపోయింది ఆ చేయి.

వాడి డిగ్రీ పూర్తయ్యేసరికి ఐటీ గాలి తీసేసినట్టయింది. ఏ ఉద్యోగాల కోసమైతే వాడి కొలత తగ్గించామో అవి లేవు. ఇస్మాయిల్ గారి విభాగమే మూసేశారు. సమీర్ రెండేళ్లు గోడౌన్‌లో పనిచేశాడు. ఆ మాట మా ఆయన చెప్పినప్పుడు నాకు వాళ్ల పెదనాన్న, ఆయన కూర్చున్న గోడౌన్ గేటు గుర్తొచ్చాయి.

ఇప్పుడు చెప్పబోయేది ఇంకా కష్టమైనది. ఇక్కడిదాకా రాసి రెండు రోజులు ఆపేశాను.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం, షాపింగ్ సెంటర్ బయట కార్ల మధ్య ఇస్మాయిల్ గారు నన్ను ఆపాడు. మనిషి చిక్కిపోయి ఉన్నాడు. “చెల్లెమ్మా, వానికి చెప్పేస్తానమ్మా. వాడు తన ఒళ్లునే తిట్టుకుంటాండాడు. నేనే చేయించినానని చెప్తా. నీ తప్పేం లేదని చెప్తా,” అన్నాడు.

నేను భయపడిపోయాను. పౌరసత్వం కాగితాలు ఇంకా చేతికి రాలేదు. అప్పటికి నేను యూనిలో పాఠాలు చెబుతున్నాను, తప్పు లేకుండా మనిషిని ఎలా కొలవాలో. “ఇప్పుడు చెప్తే వాడికి ఏమొస్తుందన్నా? భుజం తిరిగొస్తుందా? నాన్న మీద ఉన్న నమ్మకం కూడా పోతుంది,” అన్నాను. ఆయన కళ్లలోకి చూస్తూ, వాడి మేలు కోరుతున్న గొంతుతో అన్నాను.  ఆయన తల ఊపాడు.

ఆ తర్వాత ఆరేళ్లకు గుండెపోటుతో పోయాడు. చెప్పకుండానే పోయాడు. ఖననం రోజు సమీర్ శవపేటికను ఎడమ భుజం మీద మోశాడు.

కొలత తగ్గించిన తప్పులో ఇద్దరం ఉన్నాం. ఒక తండ్రి కొడుకు ముందు మనసు విప్పుకోబోతే నోరు నొక్కిన తప్పు నా ఒక్కదానిది. రెండూ భయంతోనే చేశాను, రెండోదాన్ని మాత్రం వాడి మేలు కోరుతున్నట్టు నటిస్తూ చేశాను.

కొలత సరిగ్గా రాసి ఉంటే వాడు ఎంపికయ్యేవాడా? బహుశా కాకపోవచ్చు. పొడుగు చేతులున్న వాళ్లలో ఎందరో క్యాంప్ నుంచి తిరిగి వచ్చేశారు. చాలాకాలం ఈ మాటను పట్టుకుని బతికాను. పిల్లల్ని పశువుల సంతలోలా కొలిచే ఆ పద్ధతే తప్పని కూడా అనుకున్నాను. రెండూ నిజమే కావచ్చు. కానీ ఓడిపోయే హక్కు వాడిది. వెళ్లి, ఆడి, పనికిరావని వాళ్లచేత అనిపించుకుని తిరిగి వచ్చి ఉంటే, వాడు ఒక ఆటలో ఓడిపోయేవాడు. నేను వాడిని వాడి ఒంటితోనే ఓడించాను.

పోయిన వేసవిలో ఒకరు బార్బీకి, పెరట్లో మాంసం కాల్చుకు తినే విందుకు, పిలిస్తే వెళ్లాం. సమీర్ వచ్చాడు. నలభై దాటాయి. గడ్డం నెరుస్తోంది. ఇప్పుడొక స్కూల్లో కంప్యూటర్లు చూసుకుంటాడు, శనివారాలు చిన్నపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుతాడు. ఇక్కడే ఉంటున్న మా అక్క మనవడు కొత్తగా పొడుగవుతున్నాడు, ఆటంటే పిచ్చి. సమీర్ వాడి పక్కన కూర్చుని, నా వైపు చూపించి అన్నాడు.

“గెట్ హర్ టు మెజర్ యు, మేట్. షి టోల్డ్ మి స్ట్రెయిట్. అందరూ నన్ను పొగిడారు. ఆంటీ ఒక్కరే నిజం చెప్పారు.”

చివరి మాటలు నాకోసమే తెలుగులో అన్నాడు. ఎంతో కష్టపడి, ఒక్కో మాటా కూడబలుక్కుని. తర్వాత నావైపు తిరిగి, “థాంక్స్ ఫర్ దట్, ఆంటీ. రియల్లీ,” అన్నాడు.

అప్పుడు చెప్పాల్సింది. చుట్టూ జనం ఉన్నారని చెప్పలేదు. జనం లేకపోయినా చెప్పేదాన్ని కాదు. “ప్లేటు ఖాళీ అయిందే, ఇంకొంచెం పెట్టనా?” అని అడిగాను.

వాడికి చెబుతానా? తెలియదు. చెప్పడం వాడికోసమా, నాకోసమా అన్నది కూడా తేల్చుకోలేకపోతున్నాను. వాడు దేన్ని నమ్ముకుని తన జీవితంతో రాజీపడ్డాడో దాన్ని ఇప్పుడు లాగేయడం మూడో తప్పవుతుందేమోనని ఒకసారి అనిపిస్తుంది. మరుక్షణమే, కార్ల మధ్య ఇస్మాయిల్ గారితో నేను మాట్లాడిన మాటలు కూడా అచ్చం ఇలాగే ఉన్నాయని తెలుస్తుంది. మీరు నన్ను క్షమించనక్కర్లేదు. అది మీరు ఇవ్వగలిగింది కాదు, నేను అడగదగ్గదీ కాదు.

ఇన్నేళ్లలో ఈ మాట ఎక్కడా రాయలేదు, పైకి అనలేదు. ఇవాళ రాస్తున్నాను. సమీర్ చేతులు పొట్టివి కావు. నేను అబద్ధం చెప్పాను.