నేను పెట్టుకోని దరఖాస్తు

నిన్న పొద్దున కోర్టుకు బయల్దేరుతూ మా బిడ్డ మెడకు వకీళ్ల తెల్ల పట్టీలు బిగించుకుంటుంటే, వంటింట్లో అన్నం వంచుతున్న నా చెయ్యి దానంతటదే ఒక గ్లాసెడు గంజి పక్కకు తీసి పెట్టింది. అది చూసి బిడ్డ నవ్వింది. ఇప్పటి పట్టీలకు గంజి అక్కర్లేదట, తడిగుడ్డతో తుడిస్తే చాలట. ముప్పయ్యేళ్లపాటు మావారి పట్టీలకు గంజి పెట్టినదాన్ని. ఆయన పోయి మూడేళ్లయినా ఆ గ్లాసు సంగతి చేతులు మరవలేదంటే, మన కాలపు ఆడవాళ్లకు నేను విడమరచి చెప్పక్కర్లేదు.

మావారు నల్లగొండ కోర్టులో వకీలు. చేసేవన్నీ సివిల్ దావాలు, అందులోనూ అన్నదమ్ముల పొలంగట్ల తగాదాలే ఎక్కువ. మోత్కూరు వైపు నుంచి మొదటి బస్సుకు వచ్చిన కక్షిదారులు మా వాకిట్లో కూర్చుంటే, వాళ్లకు చాయ్ అందేదాకా ఫైలు విప్పేవారు కాదు. అంత నిదానమైన మనిషికి ఇంట్లో మాత్రం ఒక పిచ్చి ఉండేది. ఏం కావాలన్నా బిడ్డ నోటితో అడగకూడదు, దరఖాస్తు రాసి ఆయన నల్లకోటు జేబులో పెట్టాలి. రెండో తరగతిలో అది రాసిన మొదటి దరఖాస్తు ఐస్‌క్రీం కోసం. 'జలుబు తగ్గేవరకు వాయిదా' అని ఎర్ర సిరాతో రాసి, కింద సంతకం కూడా చేసిచ్చారు. సైకిలు మంజూరైంది, కుక్కపిల్ల దరఖాస్తును కొట్టేశారు. ఇదేం చోద్యమని నేను విసుక్కునేదాన్ని గానీ, లోపల ముచ్చటగానే ఉండేది.

తెలంగాణ వచ్చిన మరుసటేడు, డిగ్రీ అయిపోగానే, బిడ్డ ఆ జేబులో పెట్టిన దరఖాస్తుతో మా ఇల్లు అతలాకుతలమైంది. లా చదువుతానంది. ఆయనేమో బి.ఇడి. చేయించి టీచరమ్మను చేయాలనుకున్నారు. ఆడపిల్ల పొద్దంతా ఆ వరండాల్లో నిలబడి, పేషీ పిలుపు కోసం ఎదురుచూసి, చివరికి వాయిదా పడిందని విని ఉసూరుమంటూ ఇంటికి రావడం తలచుకుంటేనే ఆయనకు కష్టంగా ఉండేది. 'కొట్టివేయడమైనది' అని రాసిచ్చారు. బిడ్డ రెండు పూటలు అన్నం ముట్టలేదు. మూడో పూట ఆ కాగితం పట్టుకొచ్చి ఆయన ముందు నిలబడింది.

"వద్దనేది నువ్వే, తీర్పిచ్చేది నువ్వేనా బాపూ? గిది యాడ చెల్లుతది? నా ఫైలు అమ్మ కోర్టుకు పంపు."

న్యాయమైన మాట ఎదుటి వకీలు చెప్పినా ఒప్పుకునే మనిషి ఆయన. కాగితం మీద 'బదిలీ' అని రాసి, ఎర్ర కలం నా చేతిలో పెట్టి పెరట్లోకి వెళ్లిపోయారు. ఉల్లిగడ్డలు కోస్తున్న చేతులు కొంగుకు తుడుచుకుని, 'మంజూరు' అని రాశాను. ఆ కలం అలవాటు లేక మూడక్షరాలూ మూడు దిక్కులకు పోయాయి. నాలుగు రోజులు ఆయన నాతో ముభావంగా ఉన్నారు. ఐదో రోజు ప్రవేశపరీక్ష పుస్తకాలు ఆయనే తెచ్చారు. చదువు ముగించి బిడ్డ మొదటిసారి కోర్టుకు వెళ్లిన రోజు రెండు జతల పట్టీలకు గంజి పెట్టాను. తండ్రీబిడ్డలు ఒకే స్కూటరు మీద వెళ్తుంటే గేటు దగ్గర నిలబడి ఏడ్చాను, సంతోషంతోనే.

ఇన్ని దరఖాస్తులు నడిచిన ఇంట్లో నేను మాత్రం ఒక్కటీ పెట్టుకోలేదు. నాకూ ఒక కోరిక ఉండేది. ఆయన వాదిస్తుంటే ఒక్కసారి వెనక బెంచీలో కూర్చుని వినాలని. అడిగితే నవ్వుతారేమోనని సిగ్గు, ఇంటి ఆడమనిషి కోర్టు మెట్లెక్కితే చుట్టాలు ఏమనుకుంటారోనని భయం. ఈ వంటలూ చాయ్‌లూ తెమిలాక ఎప్పుడో ఒకప్పుడు రాద్దాంలే అనుకున్నాను. ఆయన గుండెనొప్పితో పడిపోయిన పొద్దున కోటు కొక్కేనికే వేలాడుతోంది, జేబులో నా కాగితం లేదు.

పోయిన నెల బిడ్డే నన్ను కోర్టుకు తీసుకెళ్లి వెనక బెంచీలో కూర్చోబెట్టింది. ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకుని, గొంతు పెంచకుండా, మాట తర్వాత మాట పేర్చినట్టు వాదించింది. బయటికి రాగానే, ఆయన దగ్గర ఇరవయ్యేళ్లు పనిచేసిన ముసలి గుమాస్తా, మేమంతా చాచా అని పిలిచే పెద్దాయన, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అచ్చం సాబ్ లెక్కనే నిలవడ్డదమ్మా, గట్లనే మాట్లాడింది. సూసినవు గద?"

పక్కనున్న వకీళ్లు కూడా ఔనన్నారు. ఇప్పుడు మా ఇంట్లో దరఖాస్తులు లేవు, కావలసింది ఫోన్లో ఒక ముక్కలో అడిగేస్తే జవాబు కూడా అప్పుడే వస్తుంది. ఎర్ర కలం ఎండిపోయింది. ఆడపిల్లలు నల్లకోట్లు వేసుకుని ఆ మెట్లు రోజూ ఎక్కి దిగుతున్నారు, ఎవరూ ఏమీ అనుకోవడం లేదు, చూస్తే నాకెంతో బాగుంది. చాచా మాటకు నేనూ తలూపాను గానీ, ఆ రోజు అక్కడున్న వాళ్లందరిలో అది ఔనో కాదో చెప్పలేనిది నేనొక్కదాన్నే.