దెబ్బ ఏ పక్క తగిలింది

నా చిన్నప్పుడు చేసిన దొంగపనులు చెప్పమంటే వేళ్ళ మీద లెక్కపెట్టేస్తాను. గిన్నెలో మీగడ నాకేయడం, లెక్కల పరీక్ష కాగితం పరుపు కింద దాచడం, అంతకు మించి పెద్ద ఘనకార్యాలేమీ లేవు. ఒక్కటి మాత్రం మా నాన్న ప్రాణం మీదికి తెచ్చింది. ఇప్పుడు షికాగో దగ్గర షామ్‌బర్గ్‌లో మా మనవలు తమ అమ్మమ్మ దేనికీ భయపడదని స్నేహితుల దగ్గర గొప్పలు పోతుంటారు. పోనివ్వండి. పదకొండేళ్ళప్పుడు రెండు రోజుల పాటు నేను పడిన భయం వాళ్ళు చూడలేదు కదా.

అప్పట్లో మేము మిషిగన్ ఉత్తరపు కొసన ఒక చిన్న ఇనుప గనుల ఊళ్ళో ఉండేవాళ్ళం. మా నాన్న అక్కడ డాక్టరు. ఊరి ముందు పెద్ద సరస్సు, అవతలి ఒడ్డున నలభై యాభై ఇళ్ళు. ఆ ఇళ్ళవాళ్ళకి కూడా ఒంట్లో బాగాలేకపోతే మా నాన్నే దిక్కు. మంచు పడి రోడ్డు మూసుకుపోయిన రోజుల్లో ఆయన గడ్డకట్టిన సరస్సు మీదుగా స్నోమొబైల్ నడుపుకుంటూ వెళ్ళేవారు. ముందు మంచు మీద జారే రెండు స్కీలు, వెనక గిరగిర తిరిగే వెడల్పాటి రబ్బరు పట్టా, మధ్యలో మోటారు సైకిల్ సీటు లాంటి సీటు. ఆ చలికాలం మా దగ్గర ఉండటానికి వచ్చిన మా నాయనమ్మ దానికి మంచుబండి అని పేరు పెట్టింది. సరస్సు నడుమ ఒక వాగు వచ్చి కలిసే చోట మాత్రం ఎంత చలికాలమైనా మంచుగడ్డ పలచగానే ఉండేది. అక్కడ ఎర్రగుడ్డలు కట్టిన కర్రలు పాతి ఉండేవి. వాటి ముందు బ్రేక్ వేసి, నెమ్మదిగా పక్కకి తిప్పుకుని పోవాలి. ఈ సంగతి మా ఊళ్ళో మాటలు వచ్చిన ప్రతి పిల్లకీ తెలుసు.

నాన్న పక్కన ఉంటే నన్ను పెరట్లో ఆ బండి నడపనిచ్చేవారు. ఒక్కదాన్నే ముట్టుకోవద్దని మాత్రం గట్టిగా చెప్పారు. ఒక ఆదివారం ఆయన రాత్రంతా డ్యూటీ చేసి వచ్చి ఒళ్ళు తెలియకుండా పడుకున్నారు. పిన్ని పురిటికని అమ్మ ఇండియా వెళ్ళింది. నాయనమ్మ వంటింట్లో మినపపప్పు కడుగుతోంది. నేను తాళం చెవి తీసుకుని షెడ్డులోకి వెళ్ళాను. ఆదివారం పూట ఆ ఊళ్ళో ఎటు చూసినా అదే చప్పుడు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఇంటి వెనక మైదానంలో రెండు చుట్లు తిరిగేసరికి నాకు కొమ్ములొచ్చాయి. మూడో చుట్టులో చెట్ల వైపు పోనిచ్చాను. మంచు కింద నరికిన చెట్టు మొద్దు ఒకటి ఉందని నాకేం తెలుసు? కుడి పక్క అడుగున ఎవరో సమ్మెటతో మోదినట్టు ఫెడేల్మంది. నేను ఎగిరి మెత్తటి మంచులో పడ్డాను కాబట్టి బతికిపోయాను. లేచి స్టార్టు చేసే తాడు లాగితే ఇంజిన్ అందుకుంది. కానీ లోపల ఎక్కడో గరగరమని కొత్త చప్పుడు, కాలిన రబ్బరు వాసన. ఏడుస్తూ, నడక కంటే నెమ్మదిగా ఇంటికి తెచ్చాను. పైకి చూస్తే పెద్ద గీత కూడా లేదు. పైన టార్పాలిన్ కప్పేసి, బతుకుజీవుడా అనుకుంటూ వెళ్ళి అన్నం తిన్నాను.

మర్నాడు పొద్దున చూస్తే బండి కింద కంచమంత నల్లటి నూనె మరక. దాని మీద పాత న్యూస్‌పేపర్ పరిచి వచ్చేశాను. స్కూల్లో టీచరు ఏం చెప్పిందో ఒక్క ముక్క తలకెక్కలేదు. చెబితే నాన్న తిడతారు, చెప్పకపోతే ఆ బండి మీద ఆయనే వెళ్ళాలి. ఈ రెండు ఆలోచనలూ రోజంతా నన్ను పీక్కుతిన్నాయి. రాత్రి అన్నం సయించక వదిలేస్తే, నా మీద ఎవరి కళ్ళో పడ్డాయని నాయనమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. ఆ మిరపకాయల ఘాటుకి అందరం దగ్గాం. నేను మాత్రం దగ్గు నెపంతో కాసేపు ఏడ్చుకున్నాను.

మంగళవారం తెల్లారేసరికి కిటికీ సగం దాకా మంచు. రోడ్లు మూసేశారు, స్కూలుకి సెలవు. తొమ్మిదింటికి ఫోన్ మోగింది. అవతలి ఒడ్డున ఒక ముసలావిడకి ఊపిరి ఆడటం లేదు. నాన్న బ్యాగు సర్దుకుని బూట్లు వేసుకుంటున్నారు. బండి బయటికి తీయడానికి పక్కింటి అంకుల్ వచ్చారు. ఆయన కొత్తగూడెం గనుల్లో పనిచేసి ఇక్కడి గనిలో యంత్రాల ఇంజినీరుగా చేరిన మనిషి. మా నాన్నకి ఎముకల సంగతి తెలుసు గానీ బోల్టుల సంగతి తెలియదు. అందుకని బండి బాగోగులన్నీ అంకులే చూసేవారు.

నాన్న గడప దాటబోతుంటే నాకు వేరే దారి తోచలేదు. గట్టిగా ఒక తుమ్ము తుమ్మాను. నటనే, కానీ బాగా వచ్చింది. నాయనమ్మ వెంటనే నాన్నని వెనక్కి పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించింది. అంకుల్ నవ్వుకుంటూ షెడ్డు వైపు వెళ్ళిపోయారు. అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాల్లో చెప్పేద్దామని నోరు తెరిచి, ఖాళీ గ్లాసు తీసుకెళ్ళి లోపల పెట్టి వచ్చాను. నాన్న మళ్ళీ లేచారు. నేను మళ్ళీ తుమ్మాను. తుమ్మాక గుర్తొచ్చింది, మా నాయనమ్మ శాస్త్రంలో ఒక్క తుమ్మే చెడ్డది.

"రెండోది కూడా పడింది, ఇంక ఫరవాలేదు. క్షేమంగా వెళ్ళిరా నాయనా" అంది నాయనమ్మ.

నేను చేసిన పాడుపనికి నేనే ముహూర్తం పెట్టినట్టయింది. నాన్న వెళ్ళిపోయారు. నేను బూట్లు కూడా వేసుకోకుండా, సాక్సులతోనే మంచులోకి ఆయన వెనక పరుగెత్తాను.

షెడ్డులో అంకుల్ మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు. ఆయన చేతిలో నేను పరిచిన న్యూస్‌పేపర్, నూనెతో నల్లగా తడిసిపోయి. నాన్న తొందరపడుతున్నారు. పాత బండి, కాస్త నూనె కారితే ఏమైంది, అక్కడ మనిషి ప్రాణం పోతోంది అంటున్నారు. అంకుల్ తలతిప్పి నా వైపు చూశారు. నా ముఖం చూశారు, సాక్సులు చూశారు. తర్వాత నాన్నతో, లోపలికి వెళ్ళి ఆ ఇంటికి ఫోన్ చేసి, మీరు వచ్చేలోగా వాళ్ళేం చేయాలో చెప్పమన్నారు. నాన్న విసుక్కుంటూనే వెళ్ళారు.

నేను గుమ్మంలో కొయ్యబారిపోయి నిలబడ్డాను. అంకుల్ తన చేతి గ్లవ్స్ తీసి నేల మీద పడేసి, వాటి మీద నిలబడమని నాకు సైగ చేశారు.

"బిడ్డా, ఈ బండి దేన్నో గుద్దింది. ఎవరు నడిపిన్రని నేను అడుగుతలేను. దెబ్బ ఏ పక్క తగిలిందో చెప్పు. అది తెల్వకపోతే నేను పొద్దుందాక వెతకాలె, అక్కడ ఆ ముసలామెకు అంత టైమ్ లేదు."

ఆయన గొంతులో కోపం లేదు, లాలింపూ లేదు. అడ్రసు అడిగినట్టు అడిగారు. "కుడి పక్క, కింద. చెట్టు మొద్దు" అన్నాను. ఎలా వచ్చిందో ఆ మాట! వచ్చాక మరి ఆగలేదు. ఎంత వేగంతో వెళ్ళానో, ఏం చప్పుడు వచ్చిందో, ఏం వాసన వచ్చిందో అన్నీ కక్కేశాను. ఆయన తలూపుతూ వింటూనే పనిముట్లు ఏరుకున్నారు.

బండి వెనక భాగం ఎత్తి పీట మీద పెట్టారు. ఇంజిన్ నుంచి వచ్చే బెల్టు ఊడదీసి, పట్టాని నా చేతనే తిప్పించారు. ఎక్కడ పట్టేస్తోందో చెప్పమన్నారు. ప్రతి చుట్టులోనూ ఒక్కచోట నా అరచేతికి అడ్డం తగిలినట్టు ఆగేది. అంకుల్ అప్పుడు కుడి పక్క, గొలుసు ఉండే ఇనప డబ్బా మూత విప్పారు. మూత అడుగున పగిలి ఉంది. లోపల చుక్క నూనె లేదు. గొలుసు ఎండిపోయి, వదులుగా వేలాడుతోంది, ఒక లింకు సగం దాకా చీలింది. తర్వాత బెల్టు తిరిగే రెండు చక్రాల మీద ఇనప స్కేలు ఆనించారు. ఒక కొసన సందు లేదు, రెండో కొసన నా చిటికెన వేలు దూరింది. ఇంజిన్‌ని పట్టి ఉంచే రబ్బరు దిమ్మ ఒకటి తెగి, ఇంజిన్ పక్కకి ఒరిగిందట. అందుకే బెల్టు రాసుకుని కాలిన వాసన వచ్చింది.

ఇంతలో నాన్న తిరిగి వచ్చారు. అంకుల్ ఆ గొలుసు ఆయన చేతిలో పెట్టారు.

"డాక్టర్ సాబ్, ఇది సరస్సు నడిమిట్ల తెగేది. చైన్ తెగితే బ్రేక్ కూడా పనిచెయ్యది."

నాన్న గొలుసు వైపు చూశారు, నా వైపు చూశారు. ఆ క్షణంలో ఆయన తిట్టి ఉంటే నాకు సగం భారం దిగేది. ఎర్రగుడ్డల కర్రలు ఆయన కళ్ళ ముందు కనిపిస్తున్నాయని నాకు అర్థమైంది, ఎందుకంటే నాకూ అవే కనిపిస్తున్నాయి.

అంకుల్ ఇంటి వెనక ఇదే రకం పాత బండి ఒకటి ఎప్పుడో చచ్చి పడి ఉంది. దాని నుంచి మూతా, గొలుసూ, రబ్బరు దిమ్మా విప్పి తెచ్చారు. నూనె పోశారు, కొత్త బెల్టు వేశారు, స్కేలు మళ్ళీ మళ్ళీ ఆనించి చూసుకున్నారు. ఆ పనికి దగ్గర దగ్గర రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ నాన్న ఇంట్లోకీ షెడ్డులోకీ తిరుగుతూ, ఆ ముసలావిడని దిండ్లు ఆనించి కూర్చోబెట్టమని, ఏ మాత్ర ఇవ్వాలో ఫోన్లో చెబుతూనే ఉన్నారు. ఆవిడకి ఏమన్నా అయితే ఆ పాపం ఎవరిదో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చివరికి పట్టాని మళ్ళీ తిప్పి చూడమంటే తిప్పాను. ఎక్కడా ఆగలేదు. అయినా నాకు నమ్మకం కలగక, ఇంకో పదిసార్లు తిప్పాను. అంకుల్ వద్దనలేదు.

నాన్న వెళ్ళాక నేను ఫోన్ పక్కనే నేల మీద కూర్చున్నాను. నాయనమ్మకి అప్పటికి సంగతంతా తెలిసిపోయింది. వచ్చి నా పక్కన కూర్చుంది. పెరుగన్నం కలిపి నోట్లో పెడితే మింగుడు పడలేదు. ఫోన్ ఒంటిగంట దాటాక మోగింది. నాన్న చేరారు, ఆవిడ బతికే ఉంది. నేను నాయనమ్మ ఒళ్ళో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను.

సాయంత్రం ఆయన వచ్చి కోటు విప్పకుండానే వంటింట్లో కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నేను తిట్లకి సిద్ధపడే నిలబడ్డాను.

"ఆ ఎర్రగుడ్డల దగ్గర బ్రేక్ నొక్కానమ్మా. పట్టింది" అన్నారు.

అంతకు మించి ఆ విషయం గురించి ఆయన ఎన్నడూ నాతో మాట్లాడలేదు.

చుట్టాలకి మాత్రం, పిల్ల సాక్సులతో మంచులో పరుగెత్తుకొచ్చి నిజం చెప్పిందని ఉన్నన్నాళ్ళూ గర్వంగా చెప్పుకునేవారు. వింటూ నేను తల వంచుకునేదాన్ని. అందులో సగమే నిజం. నేను పరుగెత్తాను, గుమ్మంలో నిలబడ్డాను, నోరు తెరవలేదు. అంకుల్ ఆ ప్రశ్న అలా అడగకపోతే, నాన్న తాడు లాగేవారు, బండి సరస్సు వైపు వెళ్ళిపోయేది, నేను చూస్తూ నిలబడేదాన్నేమో. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు ఆలోచించినా, కచ్చితంగా చెప్పేదాన్నే అని అనుకోలేకపోయాను.

అందుకే మా ఇంట్లో ఏ పిల్లో పిల్లాడో అన్నం వదిలేసి బిక్కముఖం వేసుకుని తిరుగుతుంటే, ఎవరు చేశారని నేను అడగను. దగ్గర కూర్చోబెట్టుకుని, ఎక్కడ తగిలిందని అడుగుతాను. అమ్మమ్మ ఎంత మంచిదో అనుకుంటారు వాళ్ళు. నేనేమో వాళ్ళ నోటి నుంచి ఆ మొదటి మాట వచ్చేదాకా ఊపిరి బిగబట్టి కూర్చుంటాను.