పెదనాన్న స్టెతస్కోపుకు నచ్చిన ఇంజను లేదు

మా పెదనాన్నకు ఒకటే జబ్బు. సెకండ్ హ్యాండు కారు ఏది చూపించినా "వద్దు" అంటాడు. చిన్న కార్లనైతే ఏమీ అనడు. ఎవరో గొప్పవాళ్ళు ఎక్కి తిరిగి, మోజు తీరాక అమ్మేసిన ఖరీదైన సెడాన్లంటేనే ఆయనకు ఒళ్ళుమంట. అందుకే మా వీధిలో ఆయన్ని "వద్దుగారు" అంటారు. ఎదురుపడితే మాత్రం "డాక్టరుగారూ" అంటారు.

డాక్టరే, చెవి డాక్టరు. ఉద్యోగమంతా జనం చెవుల్లోకి తొంగిచూసి, రిటైరయ్యాక ఇంజన్ల మీద పడ్డాడు. కారు కొనబోయేవాళ్ళు బతిమాలి మరీ ఆయన్ని వెంట తీసుకెళ్తారు. ఆయన స్టెతస్కోపు మెడలో వేసుకుని బయల్దేరతాడు. అది చూడగానే కార్లమ్మేవాళ్ళ మొహాలు మాడిపోతాయి.

వెళ్ళగానే బానెట్ మీద అరచెయ్యి పెడతాడు.

"వెచ్చగా ఉందేం?"

"ఇప్పుడే కడిగించి తెచ్చామండీ."

"కడిగితే చల్లబడాలి కదయ్యా! మేం వచ్చేలోపు కాసేపు నడిపి వేడెక్కించావు. చల్లటి ఇంజను స్టార్ట్ చేస్తే కదా లోపల అరిగిన టైమింగ్ చైను గలగలమనేది! వద్దు."

ఇంజను తళతళలాడుతుంటే, "ఇంత శుభ్రమా? ఆయిలు ఎక్కడ కారుతోందో తుడిచేశారు. వద్దు." మురికిగా ఉంటే, "అదిగో, ఆయిలు కారుతోంది. వద్దు." డాష్‌బోర్డులో ఇంజను లైటు వెలిగితే వద్దు. వెలగకపోతే, దాని నోరు ఎవరో నొక్కేశారు కాబట్టి మరీ వద్దు. ఈ లెక్కన మా వీధిలో పెద్ద కారు కొన్న మొనగాడు ఒక్కడూ లేడు. అందరం స్కూటర్ల మీదే తిరుగుతూ, "మొన్న కొనేసేవాళ్ళమేనండీ, ఇంజనే బాలేదు" అని గొప్పగా చెప్పుకుంటాం.

మా బావ వంతు వచ్చేదాకా నాకిదంతా నవ్వులాటగానే ఉండేది. బావది ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగం. పక్క సీటాయన పెద్ద కారులోంచి దిగడం మొదలుపెట్టినప్పటి నుంచి బావకు అన్నం సహించడం లేదు. వాడేసిన పెద్ద కారు కొత్త చిన్న కారు ధరకే వస్తుందని ఎవరో చెవిన వేశారు. ఇంకేముంది, "సోమవారం చూడండి మన బండి!" అని ఆఫీసంతా చాటేశాడు.

తంటా ఏమిటంటే, కారుకు పెట్టబోయే డబ్బు మా అక్కది. టైలరింగ్ షాపు పెట్టుకోవాలని ఏళ్ళ తరబడి దాచుకుంది. వీధి చివర గది కూడా చూసుకుంది. "షాపు ఎక్కడికి పోతుందే, వచ్చే ఏడు పెట్టుకోవచ్చు" అన్నాడు బావ. అక్క గొడవ పడలేదు. కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసింది.

ఆదివారం పెదనాన్న, బావ, నేను వెళ్ళాం. ముదురు నీలం సెడాన్. వెనక తలుపు మీద నెలవంకలా ఒక గీత. సీట్లు ఎంత మెత్తనంటే, కూర్చుంటే లేవబుద్ధి కాదు. బావ స్టీరింగు పట్టుకుని, అద్దంలో తన మొహం తనే చూసుకుని మురిసిపోయాడు.

"సర్వీసింగుకు ఏ మాత్రం అవుతుందండీ?" అని మెల్లగా అడిగాడు.

"ఇలాంటి కార్లు కొనేవాళ్ళు అది అడగరండీ," అన్నాడు అమ్మేవాడు.

బావ అవసరానికి మించి నవ్వాడు. జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. కార్లో ఏసీ చల్లగా వీస్తూనే ఉంది. పెదనాన్న కిటికీ దగ్గర నిలబడి ఇదంతా చూశాడు. తర్వాత బానెట్ ఎత్తించి, ఇంజను మీద స్టెతస్కోపు పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

"అల్లుడుగారూ, గలగల వినిపిస్తోందా?"

"ఆఁ... వినిపిస్తోంది మావయ్యగారూ!"

"టైమింగ్ చైను. తెగిందంటే ఇంజను మొత్తం తుక్కే. వెనక ఆ నీలం పొగ చూశారా? ఆయిలు తాగేస్తోందన్నమాట."

బావ గబగబా దిగి వెనక్కి వెళ్ళాడు. చూడటమేమిటి, ఖళ్ళుఖళ్ళున దగ్గాడు కూడా.

"అబ్బబ్బ, ఏం పొగండీ! ఇలాంటి బండి అంటగడతారా మాకు?" అని అమ్మేవాడి మీద ఎగిరాడు. అమ్మేవాడు పాపం, పొగ కోసం వెతుకుతూ ఉండిపోయాడు.

సోమవారం బావ స్కూటరు మీదే ఆఫీసుకు వెళ్ళాడు. కానీ ఏం దర్జా! "కొనేసేవాణ్ణే. చైను గలగలమంది, చివరి నిమిషంలో పట్టేశాను" అని అందరికీ చెప్పాడు. పక్క సీటాయనకు తన కారు మీద అనుమానం పట్టుకుంది. ఆ నెలలోనే అక్క షాపు తెరిచింది. మొదటి చొక్కా బావకే కుట్టింది.

కొన్నాళ్ళకు పన్ను నొప్పితో పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడా పెదనాన్నా ఒకే ఆస్పత్రిలో పనిచేశారు. గుమ్మం ముందు ముదురు నీలం సెడాన్! వెనక తలుపు మీద నెలవంక గీత! లోపలికి వెళ్ళి కుర్చీలో కూర్చుంటూనే అడిగాను.

"అయ్యయ్యో, ఇది కొన్నారా మేడమ్? దీని ఇంజను..."

"బంగారమయ్యా! మీ పెదనాన్నగారే చూసి, ఆలోచించకుండా కొనుక్కోమన్నారు. చుక్క ఆయిలు కారదు."

పెదనాన్న నోట "కొనుక్కో" అన్న మాటా! నేను నోరు వెళ్ళబెట్టాను. ఎలాగూ తెరిచాను కదా అని ఆవిడ పన్ను పీకేసింది.

దవడ పట్టుకుని నేరుగా పెదనాన్న ఇంటికి వెళ్ళాను. ఆయన వరండాలో కూర్చుని స్టెతస్కోపు తుడుచుకుంటున్నాడు.

"చైను గలగలమంటోందన్నావుగా?"

"అన్నాను."

"నీలం పొగ అన్నావుగా?"

"నీకు కనిపించిందా?"

"లేదు."

"మీ బావకు కనిపించింది. దగ్గాడు కూడా."

"అంటే అంతా అబద్ధమేనా?"

"ఒరేయ్, ఏసీలో కూర్చుని మెడ తుడుచుకుంటున్నాడు, చూడలేదూ? ఊరంతా చెప్పుకున్నాడాయె. పారిపోదామంటే దారి లేదు. 'నాకంత తాహతు లేదు' అనడానికి నోరు రావద్దూ? అదే ఇంజను పాడైందంటే ఎవరి పరువూ పోదు. ఇంజనుకేం, పడుంటుంది."

"మరి మన వీధిలో వాళ్ళు చూసినవి?"

"సగం నిజంగానే పాడైనవిరా. వాటితో పేచీ లేదు. బాగున్నవాటితోనే నా చావు."

స్టెతస్కోపు మడిచి పక్కన పెట్టాడు. "కుర్రతనంలో నేనూ ఒకటి కొన్నాను, డాక్టరన్నాక పెద్ద కారు ఉండాలని. తెల్ల పొగ, నీలం పొగ, నల్ల పొగ, అన్నీ చూపించింది. ఇంజను రోగాలన్నీ దాని దగ్గర నేర్చుకున్నవే. కొనే రోజు స్నేహితుల్ని వెంటేసుకెళ్ళి, ఒక్కడైనా వద్దంటాడేమోనని అందరి మొహాలూ చూశాను. అందరూ భేష్ అన్నారు, వెధవలు!" అని పగలబడి నవ్వాడు. పన్ను పోయిన నోటితో నేనూ నవ్వాను.

మొన్న నాకు ప్రమోషన్ వచ్చింది. కారెప్పుడు, కారెప్పుడు అని ఆఫీసులో ఒకటే పోరు. వచ్చే నెలలో అని నోరు జారాను. చేసేది లేక పెదనాన్నను వెంటబెట్టుకుని వెళ్ళాను. వెండి రంగు సెడాన్. అమ్మేవాడు తాళం నా చేతిలో పెట్టాడు. నేను జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాను.

పెదనాన్న నా వంక ఒకసారి చూశాడు.

"ఒరేయ్, గలగల వినిపిస్తోందా?"

"ఇంకా స్టార్టే చేయలేదు కదండీ!" అన్నాడు అమ్మేవాడు.

"వినిపిస్తోంది పెదనాన్నా," అన్నాను. "బ్రహ్మాండంగా వినిపిస్తోంది."