బిందె మీద తాతయ్య పేరు

మా తాతయ్య పేరు ఒక పాత పెళ్ళికార్డులో దొరికిందని ఫోన్ వచ్చినప్పుడు నాకు ముందు కలిగింది సంతోషం కాదు, అనుమానం. తాతయ్య ఉప్పెనలో పోయిన చాలా ఏళ్ళ తర్వాత అచ్చయిన కార్డు అది. తాతయ్య ఇంటిపేరు, పేరు, దివిసీమలో ఆయన ఊరు ఏ తేడా లేకుండా వేసి, ముందు ‘కీ.శే.’ అనీ చివర ‘గారి కుమార్తె’ అనీ రాశారు. పెళ్ళి జరిగింది బందరులో.

తాతయ్యకి కూతుళ్ళు ఇద్దరే. పెద్దమ్మాయి మా అత్త. ఆవిడకి అరవై అయిదు దాటాయి, ముదినేపల్లిలో ఉంటుంది. చిన్నమ్మాయికి ఉప్పెన నాటికి ఆరేళ్ళు. మా నాన్న అప్పటికే గుడివాడ రైసుమిల్లులో పనికి కుదిరాడు. నేను పుట్టాను. నా బారసాల పనులకి సాయంగా అత్త నాలుగు రోజులు ముందే గుడివాడ వచ్చింది. మిగతా ముగ్గురూ వెనక రావాలి. రాలేదు. తాతయ్యా నాయనమ్మా దొరికారు, వాళ్ళకి జరగాల్సినవి జరిపించారు. చిన్నత్త దొరకలేదు.

కార్డులో ఉన్న పెళ్ళికూతురి పేరు చిన్నత్తది కాదు.

నేను పదో తరగతితో చదువు ఆపేసినవాణ్ణి. గుడివాడలో మోటార్ వైండింగ్ షాపు నాది. చేపల చెరువుల మీద కాలిపోయిన మోటార్లన్నీ నా దగ్గరికే వస్తాయి. షాపు కట్టేశాక లైబ్రరీకి వెళ్ళడం పాతికేళ్ళ అలవాటు. చరిత్ర బీరువాలో నేను తిరగెయ్యని పుస్తకం లేదని లైబ్రేరియన్ గారే నలుగురిలో అంటుంటారు. శాసనాల సంపుటాలు చదివాను, ఊళ్ళ కైఫియత్తులు చదివాను. రాజవంశాలు పది తరాలు ఆగకుండా చెప్పగలను. మా ముత్తాత పేరు అడిగితే మాత్రం నోరు పెగలదు. ఆ సిగ్గుతోనే మా వంశవృక్షం రాయడం మొదలుపెట్టి, అదే పిచ్చి ఉన్నవాళ్ళ వాట్సాప్ గ్రూపులో చేరాను.

వాళ్ళు పనిచేసే పద్ధతి నాకు కొత్త. శుభలేఖలూ పెద్దకర్మ కార్డులూ పోగేస్తారు. ఒక శుభలేఖలో తాతల పేర్లు, ఊళ్ళు, మేనమామలు, ఆహ్వానించే పెదనాన్నలు, ఇలా సగం వంశం ఉంటుంది. పెదపారుపూడి దగ్గర ఒక పెద్దాయన ఇంట్లో ట్రంకుపెట్టెల నిండా కార్డులే. మూలల పసుపు ఇంకా పోలేదు. ఊరివారీగా కట్టలు కట్టి, ఎవరు ఏ పేరు అడిగినా వెతికి పెడతారు, ఊరికే.

ఆ ‘ఊరికే’ దగ్గరే నాకు మింగుడు పడలేదు. ముక్కూ మొహం తెలియని మనిషి మన ముత్తాత కోసం రెండు రోజులు దుమ్ములో ఎందుకు కూర్చుంటాడు? సముద్రం దాపున తాతయ్యది ఎకరం పైచిలుకు నేల ఉంది. ఉప్పు తేలిపోయిందని ఎవరూ అటు చూడలేదు. పోర్టు పనులు మొదలయ్యాక అటువైపు నేలకి కూడా బేరాలు వస్తున్నాయి. సరిగ్గా ఇప్పుడే తాతయ్యకి ఒక కూతురు పుట్టుకొచ్చిందంటే ఏమనుకోవాలి?

“కార్డు అబద్ధం చెప్పదండీ,” అన్నారు ఫోన్లో పెదపారుపూడి పెద్దాయన.

“అచ్చు వేయించినవాళ్ళు చెప్పచ్చు కదండీ.”

“మీరు చేసేది మోటార్ల పనేనా, పోలీసు ఉద్యోగమా?” అని నవ్వి, ఇంకో సంగతి చెప్పారు. ఆ కార్డులోని పెళ్ళికొడుకు కూడా మన గ్రూపులోనే ఉన్నాడట. బందరులో రోల్డ్‌గోల్డ్ నగల పని చేస్తాడట.

ఆ నగల పనాయన మెసేజీలు నేను చూస్తూనే ఉన్నాను. దివిసీమ దిగువ ఊళ్ళ గురించి అందర్నీ అడుగుతాడు, తన గురించి ఒక్క ముక్క చెప్పడు. ఫోన్ చేశాను.

“చెప్పండి బావగారూ,” అన్నాడు, ఎన్నేళ్ళ పరిచయమో ఉన్నట్టు. “మీ తాతగారికి ఆడపిల్లలెంతమంది?”

“ముందు మీ ఆవిడగారి తండ్రి ఎవరో చెప్పండి.”

“కార్డులో ఉందిగా.”

“కార్డులో ఉన్నది మా తాతయ్య.”

ఆయన గొంతు తగ్గించి అడిగాడు. “ఉప్పెనలో మీ ఇంట్లో పిల్లలెవరైనా పోయారా?”

“అది మీకెందుకు?”

ఫోన్ పెట్టేశాడు. అంతకుముందు ఆయన వాట్సాప్‌లో భార్యతో దిగిన ఫొటో ఉండేది. మర్నాడు చూస్తే అది తీసేసి చామంతి పువ్వు పెట్టాడు. ఆవిడ మొహం నాకు కనపడకూడదనేగా! నా అనుమానం బలపడింది.

అత్తకి చెప్పక తప్పలేదు. ముదినేపల్లి వెళ్ళేసరికి అరుగు మీద చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. అంతా విని, కాయలు పక్కకి నెట్టింది.

“బావగారూ అన్నాడా? చూడకుండానే వరసలు కలుపుతున్నాడంటే వాడికేదో కావాలి. చెల్లి పేరు చెప్పావా?”

“చెప్పలేదత్తా.”

“చెప్పకు. గ్రూపులో కూడా పెట్టకు. పేరు చెబితే ఆ పేరుతోనే ఒకత్తి దిగుతుంది.”

వంశవృక్షం మొదలుపెట్టినప్పుడే అత్త నాకు రెండు ఆంక్షలు పెట్టింది. చిన్నత్త పేరు బయటివాళ్ళకి చూపించకూడదు. ఆ పేరు ముందు ‘కీ.శే.’ అని రాయకూడదు. నాన్న బతికుండగా చెల్లెలికి కూడా కర్మ జరిపించేద్దామంటే, నెలరోజులు ఆయనతో మాట్లాడలేదట ఈవిడ. చూసినవాళ్ళు లేరు కదా అంటుంది. నేను పుస్తకాలు చదివినవాణ్ణి, ఆధారం లేని ఆశ నాకు నచ్చదు. అయినా ఆ పేరు ముందు చోటు ఖాళీగా వదిలేశాను.

“నా చెల్లెలే అయితే ఇన్నేళ్ళూ ఎందుకు రాలేదురా?” అంది నేను బండి తీస్తుంటే. సమాధానం కోసం కాదు. “ఎప్పుడెళ్దాం?” అంది వెంటనే.

పెద్దాయనే మధ్యవర్తిగా నిలబడ్డారు. “ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు దొంగని చూసినట్టు చూస్తున్నారు. నా ఎదురుగా కూర్చుని తేల్చుకోండి,” అని రెండో ఆదివారం బందరులో ఆ నగల పనాయన ఇంటికే రమ్మన్నారు. అత్త పెట్టెలోంచి గంజి పెట్టిన చీర తీసి కట్టింది. గుడివాడ నుంచి పాసింజర్లో కూర్చున్నంతసేపూ నాకు జాగ్రత్తలు చెబుతూనే ఉంది. “కాగితం మీద సంతకం అడిగితే కళ్ళజోడు తేలేదను. నువ్వు తెలివి చూపించడానికి పోయి అన్నీ వాగకు.”

చిన్న పెంకుటిల్లు. వసారాలో నగల అచ్చులు, కొలిమి. పెద్దాయన ముందే వచ్చి కుర్చీలో ఉన్నారు. నగల పనాయన యాభై అయిదేళ్ళ మనిషి, నా చేతిలోని సంచీ వంకే చూస్తున్నాడు. అందులో ఏం కాగితాలు తెచ్చానో అని ఆయన అనుమానం! ఆ సంగతి ఆయనే చెప్పేశాడు.

“తప్పుగా అనుకోకండి. ఇంతకుముందు ఒకాయన మా ఆవిడ తన మేనకోడలని ఏడుస్తూ వచ్చాడు. నాలుగుసార్లు వచ్చి అన్నం తిన్నాడు. అయిదోసారి సంతకం కావాలన్నాడు. అప్పట్నుంచి ఎవరన్నా వస్తే ముందు ఫొటో దాచేస్తాను.”

అసలు సంగతి అప్పుడు బయటపడింది. ఆయన భార్య ఉప్పెన పిల్ల. మూడేళ్ళో నాలుగేళ్ళో అని పెంచినవాళ్ళ అంచనా. సహాయ శిబిరంలో ఒక ఇత్తడి బిందె పక్కన కూర్చుని ఉందట. ఎవరైనా బిందె తియ్యబోతే ఏడ్చేదట. బందరు నుంచి బట్టలు పంచడానికి వెళ్ళిన దంపతులు పిల్లనీ బిందెనీ తెచ్చుకుని పెంచారు. పెళ్ళినాడు కన్నతండ్రి పేరు లేకుండా కార్డు వెయ్యడానికి మనసొప్పక, బిందె మీదున్న పేరే తండ్రి పేరనుకుని అచ్చు వేయించారు.

ఆవిడ లోపలినుంచి బిందె తెచ్చి అత్త ముందు పెట్టింది. యాభై ఏళ్ళ మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంది. ఏమీ అడగలేదు. చేతులు చీరకి తుడుచుకుంటూ నిలబడింది. అత్త ఆవిణ్ణే చూస్తోంది, బిందెని చూడలేదు.

నేను చూశాను. మెడ కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు. తాతయ్య ఇంటిపేరు, పేరు, ఊరు. అనుమానాలన్నీ ఒక్కసారిగా వదిలేసి లేచి నిలబడ్డాను. “ఇది మా ఇంటి బిందే. ఇంతకంటే ఆధారం ఇంకేం కావాలి? వయసు మూడంటే అంచనాలో తేడా అయ్యుంటుంది. తిండి లేక చిక్కిన పిల్ల చిన్నగా కనపడుతుంది. అత్తా, ఇది శాసనంతో సమానం!”

“శాసనం కాదు నీ మొహం. కూర్చో,” అంది అత్త.

తర్వాత చాలా నెమ్మదిగా అడిగింది. “పేరుకి అటుపక్క, వెనకాల, పువ్వు ఉందా?”

నేను వెనక్కి తిప్పలేదు. ఇంటావిడే తిప్పింది. అయిదు రేకులు, మధ్యలో ఒక చుక్క.

అత్త కళ్ళు మూసుకుని తెరిచింది. “నేనే కొట్టమన్నాను. అవనిగడ్డలో. నాన్నతో నేనూ వెళ్ళాను. పేరు కొట్టేవాడు ఊరికే కొట్టి పెట్టాడు ఆ పువ్వు.” నా వైపు తిరిగింది. “లైబ్రరీ అంతా చదివావు కదరా. ఇంట్లో వాడుకునే సామాను మీద ఎవరి పేరుంటుంది? పుట్టింటివాళ్ళు ఆడపిల్ల పేరు కొట్టించి పంపుతారు. మా ఇంట్లో చెంబు దగ్గర్నుంచి గంగాళం దాకా మా అమ్మ పేరే. నాన్న పేరు కొట్టించారంటే అది ఇంకొకళ్ళ పెళ్ళికి చదివించిన సామాను. ఇచ్చినవాళ్ళ పేరు అది. పుచ్చుకున్నవాళ్ళది కాదు.”

మా ఇంట్లో మా ఆవిడ బిందెలు రోజూ చూస్తాను. వాటి మీద ఉన్నది ఆవిడ పేరే. ఎదుటింటి పెళ్ళికి స్టీలు డబ్బా ఇస్తూ నా పేరు కొట్టించింది కూడా నేనే. అయినా తట్టలేదు.

“మా నాన్నది అంత పెద్ద చెయ్యి కాదు. ఎవరి పెళ్ళికైనా పళ్ళెమో చెంబో. బిందె ఇచ్చింది ఒక్కళ్ళకే. ఆయనతో కలిసి కౌలు చేసినాయన పెళ్ళికి,” అంది అత్త. ఆ దంపతుల పేర్లు చెప్పింది. చెబుతూ ఉంటే నగల పనాయన నోట్‌బుక్ కోసం తడుముకున్నాడు. పెద్దాయన తన పెన్ను ఇచ్చారు.

“మా ఇంటికి రెండిళ్ళ అవతల. వాళ్ళకి ఒక్కతే పిల్ల. మూడేళ్ళది. మా చెల్లి దాన్ని చంకనేసుకుని ఊరంతా తిరిగేది, మొయ్యలేక మొయ్యలేక.”

ఇంటావిడ కింద కూర్చుండిపోయింది. “మా అమ్మ ఎలా ఉండేదండీ?” అంది.

“పొట్టి. నీలాగే. నెత్తిన ఈ బిందె పెట్టుకొస్తుంటే మనిషి కనపడేది కాదు, బిందె నడిచొచ్చినట్టుండేది.”

ఆవిడ నవ్వబోయి ఏడ్చేసింది. అత్త ఏడవలేదు. ఆవిడ వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. అవునని ఒక్క మాట అనుంటే అత్తకి ఆ మధ్యాహ్నం చెల్లెలు దొరికి ఉండేది. కాదనేవాళ్ళు ఎవరూ లేరు. నేనైతే శాసనమని కూడా అనేశాను.

వచ్చేటప్పుడు, మీ నాన్నగారి పేరున్నది కదా, తీసుకెళ్ళండని ఆవిడ బిందె అత్త చేతికివ్వబోయింది.

“ఇచ్చేసిన సామాను మళ్ళీ పట్టుకుపోతారా ఎవరైనా? మీ అమ్మది. ఉంచుకో,” అంది అత్త. గుమ్మం దాకా వచ్చి ఆగింది. నగల పనాయన వైపు చూసి, “ఏవయ్యా, ఆ పుస్తకంలో ఇంకో పేజీ ఉందా?” అని అడిగింది.

అన్నేళ్ళుగా బయటికి పొక్కనివ్వని పేరు తనే చెప్పింది. వయసు ఆరు. ఎడమ కాలి బొటనవేలి గోరు ఊడి, వంకరగా పెరిగింది. ‘ర’ పలకడం ఆలస్యంగా వచ్చింది. నాలుగు పెట్టికోట్లలో మూడు అత్తవే, చిన్నవి చేసి కుట్టి ఇచ్చినవి. “నేను గుడివాడ బయల్దేరుతుంటే నన్నూ తీసుకెళ్ళక్కా అని చీర పట్టుకుంది. నాలుగు రోజుల్లో అమ్మావాళ్ళతో వస్తావులే అని విడిపించుకుని వచ్చేశాను. అది కూడా రాసుకో.” ఈ చివరిది నేనూ ఎప్పుడూ వినలేదు.

“గ్రూపులో పెట్టనా అండీ?” అన్నాడాయన జంకుతూ.

“పెట్టు. ఆ పేరుతో ఎవరైనా దిగితే నేను చూసుకుంటాను.”

తిరుగు పాసింజర్లో కిటికీ పక్కన కూర్చుంది. నాకు బుర్రలో ఇంకా ఏదో మెదులుతూనే ఉంది. మూడేళ్ళ పిల్ల శిబిరం దాకా ఎలా చేరింది, ఎవరు చేర్చారు, అప్పుడు చంకన ఎత్తుకున్నది ఎవరైనా ఉన్నారా? పైకి అడగలేదు. అత్త కూడా అదే ఆలోచిస్తోందని నా అనుమానం.

పెడన దాటాక అంది, “నీ కాగితం తియ్యి.”

సంచీలోంచి వంశవృక్షం తీసి ఒళ్ళో పరిచాను. చిన్నత్త పేరు ముందు ఖాళీ మీద వేలు పెట్టింది. “ఇక్కడ పెన్సిలుతో ‘కీ.శే.’ రాసి చెరిపావు. నాకు కనపడదనుకున్నావా? కాగితం గరుకుగా ఉంది.”

నేను జేబులోంచి పెన్ను తీశాను.

“చి. అని రాయి.”

“చిరంజీవి అనా? ఉంటే యాభై దాటి ఉంటాయి కదత్తా. ఆ వయసుకి చి. ఎవరు రాస్తారు?”

“నాకంటే చిన్నదేగా,” అంది.

పెన్నుతో రాశాను.