ఫేలీ ఎడమ కనుబొమ

మనీలా పక్కనున్న మలబోన్‌లో ఫెలిసిదాద్‌ను, అదే సినిమాల ఫేలీని, ఎరగని మనిషి లేడు, ఆమె ఎదురుపడితే నవ్విన మనిషీ లేడు. తెర మీద ఏళ్ల తరబడి ఆమె చేసింది ఒకటే పని: ఎడమ కనుబొమ ఎత్తడం, కథానాయిక చెంప పగలగొట్టడం.

జపాన్ యుద్ధానికి ముందు, కథానాయిక అవుదామనే మనీలా స్టూడియోకు వెళ్లింది. ఏడ్చి చూపించమన్నారు. ఎంత తంటాలు పడ్డా కన్నీటి చుక్క రాలేదు గానీ, ఆ తంటాలో ఎడమ కనుబొమ దానంతటది పైకి లేచింది. దర్శకుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అంతటితో ఆమె రాత తేలిపోయింది: ఇక అన్నీ దుష్టపాత్రలే.

అరచేతిని కాస్త గుంట చేసి కొడితే చప్పుడు ఘనంగా వస్తుంది, చెంపకు చీమ కుట్టినట్టయినా ఉండదు. అందుకని కథానాయికలు ఫేలీ చేతనే దెబ్బలు తింటామని పట్టుబట్టేవారు. ఆ సంగతి ప్రేక్షకులకు ఎవరు చెప్తారు? చేపల బజారులో ముసలమ్మలు ఆమెను చూసి శిలువ గుర్తు వేసుకునేవారు.

పెళ్లి లేదు, పిల్లలు లేరు. ఎవరి బిడ్డకైనా బాప్తిస్మంలో ఎత్తుకునే జ్ఞానతల్లి కావాలన్నదొక్కటే ఆమె కోరిక. అది బిడ్డ ఇంటివాళ్లు వచ్చి పిలవాలి గాని, నోరు తెరిచి అడిగేది కాదు. పైగా బిడ్డకు జ్ఞానతల్లి పోలికలే వస్తాయని ఊరి నమ్మకం. ఇక పిలిచేదెవరు?

పక్కింటి పూరింగ్‌కు కూతురు పుట్టింది. ఫేలీ అప్పటికే బుల్లి గౌన్లు కుట్టి పెట్టుకుంది. పూరింగ్‌కు ఇష్టమే గాని, అత్తగారు ఇస్యాంగ్ గోడ ఇవతలికి వినపడేలా తేల్చేసింది.

"ఆ కనుబొమ మన పిల్లకొస్తే దాన్నెవడు చేసుకుంటాడే?"

ఆ చెడ్డపేరు పోవాలని ఫేలీ స్టూడియోవాళ్లను బతిమాలి సన్యాసిని వేషం వేసింది. తెర మీద ఆమె మోకరిల్లగానే, విషం సీసా ఎక్కడ దాచిందోనని జనం వెతుక్కున్నారు. బొమ్మ వారం తిరక్కుండానే లేచిపోయింది. ఇస్యాంగ్ మాత్రం అది కూడా చూసొచ్చి, దొంగ ప్రార్థన భలే చేసిందని మెచ్చుకుంది.

ఓ ఉదయం బజారులో చేపలవాడు ఇస్యాంగ్‌కు నిన్నటి చేప అంటగట్టబోయాడు. ఇదేమిటని ఆమె అడిగితే, ముసలిదానికి చూపు ఆనడం లేదని నలుగురినీ నవ్వించాడు. వెనకే నిలబడ్డ ఫేలీ ముందుకు జరిగింది. కనుబొమ ఎత్తింది, అంతే. వాడి నవ్వు ఆగిపోయింది. పాత చేప పోయి తాజాది వచ్చింది, దాని మీద గుప్పెడు రొయ్యలు కూడా పడ్డాయి.

దారి పొడుగునా ఇస్యాంగ్ ఫేలీ పక్కనే నడిచింది. గుమ్మం దగ్గర ఆగింది.

"ఇదిగో ఫేలీ, మాకు పుట్టింది ఆడపిల్ల. రేపు అదీ ఈ బజారుకే పోవాలి కదా. ఆదివారం చర్చికి రా, జ్ఞానతల్లివి నువ్వే. ఆ కనుబొమ ఇంట్లో పెట్టి రాకు."

ఆదివారం పిల్లను చేతుల్లోకి తీసుకోగానే, ఇన్నేళ్లూ కెమెరా ముందు రానన్న కన్నీళ్లు కట్ట తెంచుకున్నాయి. ఇస్యాంగ్ మోచేత్తో పొడిచింది.

"ఏడుపు ఆపవే తల్లీ. పిల్లకు అదొస్తే ఏం చేసుకోను?"

ఫేలీ ముక్కు తుడుచుకుని, బుద్ధిగా కనుబొమ ఎత్తింది. నీళ్లు పోయబోతున్న ఫాదర్ ఒక అడుగు వెనక్కి వేశాడు.