తట్టు తగ్గాక

జర్మనీలో, వాల్డార్ఫ్‌లో మనవడు వెళ్ళే చిన్నపిల్లల బడి, కీటా తలుపుకి అంటించిన కాగితం మా అబ్బాయి చదివి చెప్పాడు. అక్కడ ఒక పాపకి తట్టు పోసిందట. నాకు వేపాకు వాసన వచ్చినట్టయింది.

నా ఆరో ఏట చెల్లికి తట్టు పోసింది. తగ్గాక వేపాకు నీళ్ళు పోసి, అమ్మవారికి బెల్లం పెట్టారు. అది నేను దొంగతనంగా తినేశాను. రెండు నెలలకి చెల్లి దగ్గుతో పోయింది. నావల్లేనని అరవై ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు.

తట్టు వస్తే, పాత జబ్బులతో పోరాడి నేర్చుకున్నది ఒళ్ళు చాలావరకు మరిచిపోతుందట. ఆ తర్వాత ఏళ్ళ తరబడి వేరే జబ్బులు తేలిగ్గా అంటుకుంటాయట. ఇక్కడి పిల్లల డాక్టరు చెప్పిన మాట మొన్న కోడలు విడమర్చి చెప్పాకే తెలిసింది.

మనవడికి తట్టు రాకుండా వేసే రెండో టీకా ఇంకా వేయించలేదు.

"డాక్టరు దగ్గర టెర్మిన్ వచ్చే నెలకి దొరికిందమ్మా. తట్టు వచ్చినా వారంలో తగ్గిపోతుందిలే," అన్నాడు మా అబ్బాయి.

"తగ్గాకే పోయిందిరా మీ పిన్ని," అన్నాను.