కోతల పండుగలో కాకిడేగ పుంజు

అద్దంకి దగ్గరి పల్లెల్లో కోతల పండుగ చూడదలిచినవాళ్లు ఫిబ్రవరిలో ఒక ఆదివారం వెళ్లండి. నేను వెళ్లింది ఎనభయ్యారులో. వెళ్లకపోయి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

గుంటూరులో ఒక కాలేజీలో జువాలజీ చెప్పేవాణ్ణి. తోటి లెక్చరరు ప్రసాదరావు తన ఊళ్లో చర్చి పండుగకు రమ్మన్నాడు. పొద్దున ఆరింటికి బస్సెక్కాను. అద్దంకికి టిక్కెట్టు ఎనిమిది రూపాయలు. చిలకలూరిపేటలో పావుగంట ఆపితే ఇడ్లీ తిన్నాను. పక్కసీటులోని పత్తిరైతు నేనేం పాఠం చెబుతానని అడిగాడు. ఈకల నిగనిగ చూసి పక్షి ఆరోగ్యం చెప్పొచ్చని, ఆడపక్షి కూడా జోడును అలాగే ఎంచుకుంటుందని చెప్పాను. "అంతేగదండీ, ఎద్దును కొనేటప్పుడు మేం చర్మం చూడమా" అన్నాడు. నాకు ఇంకాస్త గర్వం పెరిగింది.

ఎనిమిదిన్నరకు అద్దంకిలో దిగితే ప్రసాదరావు సైకిలుతో ఉన్నాడు. మిరప కళ్లాల ఘాటుకు తుమ్ముకుంటూ ఊరు చేరాం. తొమ్మిదిన్నరకు ఆరాధన మొదలైంది.

ఆ పండుగకు ఎవరి పంటలో తొలిభాగం వాళ్లు దేవుడికి తెస్తారు. ఆరాధన అయ్యాక చర్చి ముందే వేలం వేసి, వచ్చిన డబ్బు చర్చికి ఇస్తారు. పొలం లేని కూలివాళ్లు కోడినో గుడ్లనో తెస్తారు. మరియమ్మ అనే ఆవిడ, నలుపూ ఎరుపూ కలిసిన ఈకల కాకిడేగ పుంజును తెచ్చింది. పత్తికి మందు కొడుతూ పడిపోయిన భర్త బతికితే ఇస్తానని మొక్కుకుని ఏడాది పెంచిందట. ఆ భర్త కొత్త చొక్కా వేసుకుని, బక్కగా, పక్కనే నిలబడి ఉన్నాడు.

పుంజు ఈకలు మాత్రం రేగిపోయి, కళ తప్పి ఉన్నాయి. వేలంపాట మొదలుపెట్టబోతూ సంఘపెద్ద నావైపు తిరిగి, "సార్ పక్షుల శాస్త్రం చదివారు, ఓ మాట చెప్పండి" అన్నాడు. నేను పుంజును ముట్టుకోను కూడా లేదు. "ఈకలు సర్దుకోవడం మానేసిందంటే లోపల రోగమున్నట్టే. నేనైతే నా దొడ్లోకి రానివ్వను" అన్నాను. నలుగురు నవ్వారు. "కొక్కెర తెగులేమోరా, ఉన్న కోళ్లన్నిటికీ అంటుద్ది" అన్నారెవరో. ఒక్కరూ పాడలేదు. సంఘపెద్ద పుంజును ఆవిడ చేతికే తిరిగి ఇచ్చి గుమ్మడికాయ ఎత్తాడు. మరియమ్మ దాన్ని కొంగుతో కప్పుకుని ఇంటికి వెళ్లిపోయింది.

భోజనాలయ్యాక, మూడున్నరకు బస్సు కోసం ఒక్కణ్ణే రోడ్డు మీదికి నడుస్తుంటే మరియమ్మ ఇల్లు కనిపించింది. వాకిట్లో ఎండలో ఆ పుంజు ముక్కును తోక మొదట్లో రుద్దుకుని, ఆ నూనెతో ఒక్కో ఈకా దువ్వుకుంటోంది. మెడ అప్పుడే నల్లగా మెరుస్తోంది. పొద్దున దీనికేం చేశావమ్మా అని అడిగాను.

"దేవుడి కాడికి గదా సార్. కుంకుడు రసంతో తలంటి పోశాను" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. తోక దగ్గరుండే నూనె తిత్తి బొమ్మ ఏటా బోర్డు మీద గీసేవాణ్ణి. కుంకుడు రసానికి ఈకల నూనె పోతుందని, మళ్లీ దువ్వుకునేదాకా అవి అలాగే ఉంటాయని, పుంజుకు ఏ రోగమూ లేదని ఆవిడకు చెప్పాను. తప్పు నాదన్న మాట ఒక్కటే నోట్లోంచి రాలేదు.

"అయితే నేనే పాడుచేసుకున్నానన్నమాట" అంది.

సిగ్గుతో, నేనే కొంటానని జేబులో చెయ్యి పెట్టాను.

"వద్దు సార్. దేవుడు వద్దన్నదాన్ని మీకెట్టా అమ్మేది?" అని, అరుగు మీద పడుకున్న భర్త వైపు భయంగా చూసింది.

ఆ పుంజును వద్దన్నది దేవుడు కాదు, నేను. ఆ ముక్క ఆవిడతో అని, సంఘపెద్ద దగ్గరికి తీసుకెళ్లి అందరిముందూ ఒప్పుకుని రావడానికి గంట చాలు. గుంటూరుకు ఆరింటికి ఇంకో బస్సుంది. నేను నాలుగింటి బస్సే ఎక్కాను.